అడిగే పేరు

మా కార్ఖానా స్టోర్సు కిటికీ వెనక పుష్పమ్మ కూర్చునే ఇనప స్టూలు ఒకటి ఉండేది. రెండువేల మూడు ఫిబ్రవరిలో ఆ స్టూలు ఉంటుందా, పోతుందా అన్నది మా షెడ్డులో అందరికీ పెద్ద ప్రశ్నయి కూర్చుంది. దాన్ని దాదాపు పోగొట్టినవాణ్ణి నేనే. కాబట్టి ఈ సంగతి వేరేవాళ్లు చెబితే బాగుండదు.

నా పేరు సూర్యారావు. పుట్టింది గోదావరి ఒడ్డున. ఎనభై ఆరులో పటాన్‌చెరు వచ్చి, పంపులూ ప్రెస్సులూ తయారుచేసే ఈ కార్ఖానాలో పర్చేజు గుమాస్తాగా చేరాను. పటేల్‌గూడలో కిరాయికుంటూ, మా ఊరి తెలుగే తెలుగనీ తక్కినదంతా దానికి దూరపు చుట్టమనీ పదిహేడేళ్లపాటు నమ్ముతూ బతికాను. ఎవరైనా తప్పు మాట్లాడితే దిద్దకుండా ఉండలేని జబ్బు నాది. మా ఆవిడ పెళ్లయిన కొత్తల్లోనే ఆ జబ్బు కనిపెట్టింది కానీ మందు దొరకలేదు.

పుష్పమ్మది బొంతపల్లి దగ్గర ఒక పల్లె. కార్ఖానా కట్టినప్పుడు వాళ్ల నాన్న మొగులయ్య పొలం నాలుగెకరాలు అందులో కలిసిపోయింది. భూమి పోయినవాళ్లకు ఇచ్చే కోటాలో ఆయనకు స్టోర్సులో ఖలాసీ పని వచ్చింది. పెట్టెలు దింపడం, విప్పడం, సామాను అరల్లో సర్దడం ఆయన పని. తన చెల్క, అంటే ఆ మెట్టపొలం, ఉన్నచోటే స్టోర్సు షెడ్డు లేచింది గనక, రాక్ పద్నాలుగు ఎక్కడని అడిగితే "పాత బాయి కాడ" అనేవాడు. ఆ బావిని పూడ్చి ఇరవై ఏళ్లయినా ఆయనకు అది అక్కడే ఉన్నట్టు. పుష్పమ్మ ఇంటర్ పాసయ్యాక తొంభై మూడులో అదే స్టోర్సులో గుమాస్తాగా చేరింది.

మొగులయ్యకు చదువు రాదు. పెట్టెల మీద ఇంగ్లీషులో ఉండే పేర్లు ఆయనకు అక్కర్లేదు. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, తన సేద్యంలో దానికి చుట్టమెవరో ఆలోచించి పేరు పెట్టేవాడు. గిన్నెలాంటి వాషరుకు సిప్ప అని పేరు. పంపులోకి ఇసక పోకుండా అడ్డం పెట్టే వంపు రేకు, ధాన్యం చెరిగే చాటలా ఉంటుంది గనక, సాట. బరువులెత్తే కొక్కెం కొడవలి. ప్రెస్సు ఇరుసు జారకుండా కొట్టే కోసు మేకు ఉంది చూశారూ, అది అచ్చం ఎడ్లబండి చక్రం ఊడకుండా పెట్టేదే. దాని పేరు సీల. కొన్నాళ్లకు షెడ్డు షెడ్డంతా ఆ పేర్లతోనే నడిచింది. బిహారు నుంచి వచ్చిన వెల్డర్లు కూడా కిటికీలో తలపెట్టి, "దీదీ, ఏక్ సీల దేనా, జల్దీ" అనేవాళ్లు.

నాకు మాత్రం ఆ 'సీల' పంటికింద రాయిలా తగిలేది.

"అది చీల పుష్పమ్మా. చ. చీల. నిఘంటువులో చూడు" అన్నాను ఒకరోజు.

"మీ దిక్కు చీల సారూ, మా దిక్కు సీల. బండికి రెండూ పడ్తయి" అంది పుష్పమ్మ, రాస్తున్న పుస్తకంలోంచి తలెత్తకుండానే.

రెండువేల రెండులో పట్నం నుంచి ఒక కంపెనీ వచ్చి మా స్టోర్సులో కంప్యూటరు పెట్టింది. ప్రతి వస్తువుకూ పదకొండంకెల నంబరు. ఆ నంబరు కొడితేనే వస్తువు ఎక్కడుందో చెబుతుంది. చేతులకు గ్రీజుతో పరుగున వచ్చే ఫిట్టరు పదకొండంకెలు ఎక్కణ్ణుంచి తెస్తాడు? కిటికీ ముందు వరుసలు పెరిగాయి. యంత్రాలు ఆగి ఉండేవి. దాన్ని పెట్టడానికి వచ్చిన ఆ కంపెనీ టైల కుర్రాళ్లను నేను రెండుసార్లు కడిగేశాను కూడా. వాళ్లు ఇంగ్లీషులో నవ్వి వెళ్లిపోయారు. వరుసలో నిలబడి విసిగినవాళ్లు కంప్యూటరును వదిలేసి మొగులయ్యనే అడిగేవాళ్లు. ఆయన అరవకుండా, వెతక్కుండా వెళ్లి తెచ్చిచ్చేవాడు.

మా వర్క్స్ మేనేజరు రాజారావు గారికి ఇది నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాడు, కానీ కాగితం మీద లేనిది ప్రపంచంలో లేదనుకునే మనిషి. మార్చి ముప్పై ఒకటిన మొగులయ్య రిటైరవుతున్నాడు. ఆ తర్వాత ఏ పేరు సామాను ఏ అరలో ఉందో తెలిసినవాళ్లు ఉండరు. అందుకని ఏప్రిల్ ఒకటి నుంచి కిటికీ మూసేస్తామనీ, ఫోర్‌మన్లు నంబర్లతో చీటీలు పంపితే సామాను పంపిస్తామనీ, పుష్పమ్మ ప్యాకింగ్ షెడ్డుకు వెళ్లాలనీ ఆర్డరు వేశారు. ప్యాకింగ్ షెడ్డంటే అట్టపెట్టెలకు టేపు అంటించడం. పదేళ్లు సామాను మీద పెత్తనం చేసిన మనిషికి అది తలకొట్టేసినట్టే.

పుష్పమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె తిన్నగా రాజారావు గారి గదిలోకి వెళ్లి, "సార్, నేనొక పేజీ చేస్తున్న. పేరు కొడితే సామాను యాడున్నదో చెప్తది. జెర టైం ఇయ్యుండ్రి" అంది.

"నువ్వా?" అన్నారాయన.

ఆయనకు తెలియని సంగతేమిటంటే, పుష్పమ్మ రెండేళ్లుగా ప్రతి ఆదివారం సెవన్ సీటర్ ఆటో ఎక్కి పటాన్‌చెరు బస్టాండు పక్కనున్న కంప్యూటరు సెంటరుకు వెళ్తోంది. అక్కడ పదిహేడేళ్ల పిల్లల మధ్య కూర్చుని వెబ్‌సైటు కట్టడం నేర్చుకుంది. పిల్లలందరూ సినిమా బొమ్మలతో పేజీలు చేస్తుంటే, ఈమె బోల్టులూ నట్టులతో చేసేది. స్టోర్సు మూలన పడేసిన పాత కంప్యూటరు ఒకటి అడిగి తీసుకుని, దుమ్ము దులిపి, అప్పటికే పని మొదలుపెట్టింది. రాజారావు గారు ఫిబ్రవరి ఇరవై నాలుగు, సోమవారం దాకా గడువిచ్చారు. పేజీ పనిచేస్తే కిటికీ ఉంటుంది. చేయకపోతే ప్యాకింగ్ షెడ్డు.

ఆమె కట్టిన సైటులో రెండే పేజీలు. ఒకటి ఎక్కించే పేజీ. అందులో ఖాళీ గళ్లు ఉంటాయి. వస్తువు నంబరు, కంపెనీ పేరు, ఏ రాక్, ఏ అర, ఎన్ని ఉన్నాయి అన్నవి నింపి మీట నొక్కితే, ఆ వస్తువు పట్టికలో ఒక వరుసగా చేరిపోతుంది. రెండోది చూపించే పేజీ. ఒక్క గడి ఉంటుంది, అందులో మాట కొడితే సరిపోయే వరుసలన్నీ తెరమీదికొస్తాయి. ఇవి పట్నం వాళ్ల దాంట్లోనూ ఉన్నాయి, కాకపోతే అక్కడ నంబరే కొట్టాలి. లేనివి పుష్పమ్మ కలిపిన రెండు గళ్లు. ఒకటి 'అడిగే పేరు'. రెండోది 'చెప్పినవారు', అంటే ఆ పేరు ఎవరి నోటినుంచి వచ్చిందన్నది.

"రెండోది ఎందుకమ్మా?" అన్నాను.

"రేపు ఎవరన్న గిదేం పేరని కొట్లాటకొస్తే, ఎవరిని అడగాల్నో తెల్వద్దా?" అంది.

మొదట్లో కొన్ని వేషాలు వేసింది ఆ పేజీ. ఎక్కించాక పేజీని రిఫ్రెష్ చేస్తే అదే వరుస మళ్లీ ఎక్కేది. పుష్పమ్మకు తెలియక ఒకరోజు పొద్దున్నంతా ఆ రిఫ్రెష్ మీట నొక్కుతూ కూర్చుంది. స్టోర్సులో ఒకే ఒక్క పెద్ద పంపు ఉంటే పేజీలో పదహారు పంపులు లేచాయి. అది చూసి నేను పంపుల ఆర్డరు ఆపేశాను. ఫోర్‌మన్ వచ్చి నా బల్ల మీద గుద్దాడు. ఆ గొడవ సద్దుమణిగాక ఆమె ఆ లోపం కనిపెట్టి సరిచేసింది.

పేర్లు మాత్రం మొగులయ్య బుర్రలోంచి రావాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తండ్రీ కూతుళ్లు సామాను రాక్‌ల మధ్య తిరిగేవాళ్లు. ఆయన ముట్టుకుని పేరు చెబితే, ఆమె నోటుబుక్కులో ఆయన అన్నది అన్నట్టే రాసుకునేది. అలా పద్నాలుగు నోటుబుక్కులు నిండాయి. గడువింకా పదిరోజులుండగా ఆమె నా బల్ల దగ్గరికి వచ్చి ఏడు నోటుబుక్కులు పెట్టింది.

"సారూ, టైపింగుల మీ చెయ్యి నడిచినట్టు ఎవ్వరిది నడవది. సగం మీరు ఎక్కియ్యుండ్రి, సగం నేను ఎక్కిస్త."

ఆ కంప్యూటర్లలో తెలుగక్షరాలు సరిగ్గా వచ్చేవి కావు. మాటలన్నీ ఇంగ్లీషక్షరాల్లోనే కొట్టాలి. నేను సంతోషంగా ఒప్పుకున్నాను. మొదటి నోటుబుక్కు తెరిచాను. సీల. సాట. సిప్ప. సెక్క. సక్రం. నా వేళ్లు ఆగిపోయాయి. రేపు రాజారావు గారు, ఆయన పక్కన ఇంకెవరో పెద్దలు ఇవి చూస్తే ఈ పిల్ల నవ్వులపాలు కాదూ? సాయం చేస్తున్నాననే అనుకున్నాను, నమ్మండి. 'స' ఉన్నచోట ఎస్ కొట్టకుండా, 'చ' వచ్చేలా సి, హెచ్ కొట్టాను. చీల, చాట, చిప్ప, చెక్క, చక్రం. ఏడు నోటుబుక్కులూ ముత్యాల్లా దిద్ది ఎక్కించి, ఎవరికీ చెప్పకుండా లోలోపల మురిసిపోయాను.

పుష్పమ్మ తను ఎక్కించినవి ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. నావి చూడలేదు. "సూర్యారావు సారు ఎక్కిస్తే మల్ల సూసుడెందుకు" అని అందరి ముందూ అంది.

సోమవారం వచ్చింది. పొద్దున ఎనిమిదిన్నరకు రాజారావు గారు కిటికీ దగ్గరికొచ్చారు. అప్పటికే రెండో నంబరు ప్రెస్సు సీల విరిగి ఆగిపోయి ఉంది. పెద్ద ఫిట్టరు ఐలన్న చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. అతని వెనక ఇంకో ఫిట్టరు పెద్దరాములు, ఇద్దరు బిహారు వెల్డర్లు, ఇంకో పదిమంది. పుష్పమ్మ కిటికీ అంచున కీబోర్డు పెట్టి, తెలుగు అక్షరాలకు ఎదురుగా ఇంగ్లీషు అక్షరాలు రాసిన అట్ట ఒకటి పక్కన వేలాడదీసింది. మొగులయ్య ఒక చెక్కపెట్టె మీద, భుజాన తువ్వాలుతో కూర్చున్నాడు.

"నేను అడగను. రోజూ వచ్చేవాళ్లే అడగాలి. మొగులయ్య నోరు విప్పకూడదు" అన్నారు రాజారావు గారు.

ఐలన్న ఒంటివేలితో, అట్టవైపు చూసుకుంటూ, నోటితో పలుకుతూ సీల అని కొట్టాడు. స అన్నాడు, ఎస్ కొట్టాడు.

తెరమీద రెండే మాటలు వచ్చాయి: రికార్డు లేదు.

"ఇంకోపారి కొట్టన్నా" అంది పుష్పమ్మ. ఐలన్న మళ్లీ కొట్టాడు. రికార్డు లేదు. పెద్దరాములు ముందుకొచ్చి సాట అని కొట్టాడు. రికార్డు లేదు. వెల్డరు కొడవలి అని కొట్టాడు. కొడవలి వచ్చింది, రాక్ నంబరుతో సహా. ఒకటి వస్తోంది, రెండు రావడం లేదు. ఆమె కీబోర్డు ముందు నిలబడి, ఏం తప్పు చేశానా అని తెరలోకి చూస్తూ ఉండిపోయింది.

నాకు తెలుసు. ఐలన్న మొదటి అక్షరం కొట్టినప్పుడే తెలిసిపోయింది. నేను నోరు మూసుకునే రకం కాదని ఊరంతా అంటారు, కానీ ఆ అర నిమిషం మూసుకున్నాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. యంత్రం తప్పనుకుంటారు, లేదా పుష్పమ్మ తప్పనుకుంటారు. ఆ అర నిమిషం తల్చుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

రాజారావు గారు గడియారం చూసుకున్నారు. "ప్రెస్సు ఆగిపోయింది. సరేలే, మొగులయ్యా, నువ్వే చెప్పు. ఆ మేకు ఎక్కడుంది?"

మొగులయ్య లేవలేదు. "నన్ను నోరిప్పద్దన్నరు గద సార్" అన్నాడు. "పిల్ల పేజీ చెప్తది. జెర ఆగుండ్రి."

ఆయనకు ఆ సీల ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని తెలుసు. లేచి పదడుగులు వేస్తే ప్రెస్సు నడుస్తుంది, ఆయన గొప్ప నిలుస్తుంది, కూతురి స్టూలు పోతుంది. ఆ ముసలాయన తువ్వాలు అంచు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఇక నేను తట్టుకోలేకపోయాను.

"తప్పు నాది" అన్నాను పెద్దగా. "నేనే మార్చాను. నా నోటుబుక్కుల్లో స ఉన్నచోటల్లా చ చేశాను."

అందరూ నావైపు తిరిగారు. ఐలన్నకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక "అరె, గిదేంది సారూ!" అని నెత్తి కొట్టుకున్నాడు. పుష్పమ్మ నావైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపు చాలు, పది తిట్లు తిన్నట్టయింది.

"అన్నీ మార్సిండ్రా? కొన్నే మార్సిండ్రా?" అని అడిగింది.

"అన్నీ. ఒక్కటి కూడా వదల్లేదు."

ఆమె ముఖం విప్పారింది. "మంచిగైంది! ఇష్టమొచ్చినట్టు మార్సుంటే పరేషానయ్యేదాన్ని. మీరు తప్పు గూడ పద్ధతిగనే చేసిండ్రు సారూ" అంది. కిటికీ ముందు నవ్వులు లేచాయి. నేనూ నవ్వాలో లేదో తెలియక నిలబడ్డాను.

"సార్, ఐదు నిమిషాలు" అని రాజారావు గారితో చెప్పి, స్టూలు లాక్కుని కూర్చుంది. నావి దిద్దుతూ కూర్చుంటే మధ్యాహ్నమవుతుంది. ఆమె వాటి జోలికి వెళ్లలేదు. చూపించే పేజీని విప్పి, వెతికే చోట ఒక వరుస మార్చింది. ఎవరైనా కొట్టిన మాటలో సి, హెచ్ కనబడితే దాన్ని ఎస్ అనుకో. పట్టికలో ఉన్న మాటలో కనబడినా ఎస్ అనే అనుకో. ఆ తర్వాతే రెంటినీ పోల్చు. అంతే. ఆ ఒక్క వరుసతో యంత్రానికి మా చ, వాళ్ల స ఒకటైపోయాయి. మా ఇద్దరికీ పదేళ్లుగా తెగని తగువు అది.

"ఇప్పుడు కొట్టన్నా" అంది.

ఐలన్న మళ్లీ ఒంటివేలితో మొదలుపెట్టాడు. అందరూ అక్షరమక్షరానికీ ముందుకు వంగారు. మీట నొక్కాడు.

వచ్చింది. నంబరు, కంపెనీ పేరు, రాక్ పద్నాలుగు, మూడో అర, ఇరవై ఆరు ఉన్నాయి. చెప్పినవారు: మొగులయ్య.

ఎవరో ఈల వేశారు. పెద్దరాములు పరుగున వెళ్లి మూడో అరలోంచి సీల తెచ్చి, జెండా పట్టుకున్నట్టు పైకెత్తి చూపించాడు. ఐలన్న దాన్ని లాక్కుని షెడ్డులోకి పరుగెత్తాడు. తర్వాత వరుసలో ఉన్నవాళ్లు కీబోర్డు మీద పడ్డారు. సాట వచ్చింది. సిప్ప వచ్చింది. నేను మొండికేసి చక్రం అని కొట్టాను, అదీ వచ్చింది. రాజారావు గారు జేబులోంచి కాగితం తీసి పదకొండంకెల నంబరు కొట్టారు, దానికి కూడా వస్తువు వచ్చింది. ఇంతలో షెడ్డులోంచి రెండో నంబరు ప్రెస్సు ధన్‌మని మొదటి దెబ్బ వేసింది. అందరం చప్పట్లు కొట్టాం. అంత మంచి చప్పుడు ఆ ప్రెస్సు చేయగలదని నాకు అంతవరకూ తెలియదు.

రాజారావు గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "ఈ కిటికీ ఉంటుంది" అన్నారు. "పట్నం వాళ్లను పిలిపించి, ఈ అడిగే పేరు అన్న గడి వాళ్ల దాంట్లో కూడా పెట్టమంటాను. ఎలా పెట్టాలో నువ్వే వాళ్లకు చెప్పాలి." వారం తిరక్కుండా ఆ టైల కుర్రాళ్లు నోటుబుక్కులు పట్టుకుని పుష్పమ్మ ముందు కూర్చున్నారు. నేను రోజుకు మూడుసార్లు పని కల్పించుకుని వెళ్లి ఆ దృశ్యం చూసొచ్చేవాణ్ణి. ఆమెకు ఆఫీసు తిరిగే కుర్చీ ఇచ్చారు. ఇనప స్టూలును నేను అడిగి నా గదిలో పెట్టుకున్నాను.

మార్చి ముప్పై ఒకటిన మొగులయ్యకు దండలు వేసి, శాలువా కప్పి, లడ్డూలు పంచారు. ఆ తర్వాత పుష్పమ్మ ఆయన్ను కిటికీ లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. "నాయినా, నీ పేరు కొడుత. సూడు" అని వెతికే గడిలో మొగులయ్య అని కొట్టింది.

వరుసలు రావడం మొదలయ్యాయి. తెర నిండింది, ఆమె కిందికి జరిపింది, మళ్లీ నిండింది. అడుగున లెక్క వచ్చింది. పదమూడు వందల నలభై ఒకటి.

"గివన్నీ ఏందే?" అన్నాడు మొగులయ్య.

"అన్నీ నువ్వు పెట్టిన పేర్లే నాయినా. నువ్వు ఇంటికి పోయినా ఇవి ఈడనే ఉంటయి."

ఆయన ఒక్క అక్షరం చదవలేడు. పైనుంచి కిందికి జరిగే ఆ వరుసలను వేలితో గాలిలో గీస్తూ చాలాసేపు చూశాడు. "నా నాలుగెకరాల్ల గూడ గిన్ని దుక్కి సాళ్లు పడలే బిడ్డా" అన్నాడు. ఆయన కళ్లు తుడుచుకుంటుంటే మేమెవరం సిగ్గుపడలేదు, మేమూ అదే పనిలో ఉన్నాం.

నా నోరు ఊరుకోదు కదా. "నా పేరు కూడా కొట్టమ్మా, చూద్దాం" అన్నాను వేళాకోళానికి.

పుష్పమ్మ నవ్వుతూ కొట్టింది. ఒకే ఒక్క వరుస వచ్చింది. అడిగే పేరు: చీల. చెప్పినవారు: సూర్యారావు సారు.

"మీరు మార్సినయన్నీ మల్ల సరిజేసిన సారూ" అంది. "గదొక్కటి ఉంచిన. ఈ కిటికీ కాడ గట్ల అడిగెటాయన గూడ ఒకాయన ఉన్నడు గద."

మర్నాడు ఏప్రిల్ ఒకటి. పొద్దున్నే వెళ్లి వరుసలో నిలబడ్డాను. నా వంతు వచ్చాక, అవసరం లేకపోయినా, సీల ఒకటి ఇమ్మని అడిగాను.